కాటుక చుక్క కింద

పొద్దున పిల్లవాడికి ఆ కాటుక చుక్క పెట్టింది తాను కాదు. కమలాబాయికి ఈ లోకంలో ఖాయంగా తెలిసిన సంగతి ప్రస్తుతానికి ఇదొక్కటే. మిగతావన్నీ అనుమానాలే. ఆపరేషన్ గది తలుపు మూసుకుని ఎంతసేపయిందో, లోపల మనవడు ఏడుస్తున్నాడో నిద్రపోయాడో, ఆ మత్తుమందు ఏడాదిన్నర పిల్లవాడికి సరిపడా ఇచ్చారో పెద్దవాళ్ల కొలతతో ఇచ్చారో, ఏదీ తెలియదు. తెలిసిందల్లా చుక్క తాను పెట్టలేదని. మరి ప్రిసిల్లా సిస్టర్ వేణుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎడమ కనుబొమ్మ చివర దూదితో రుద్ది, నల్లబడ్డ ఆ దూదిని అందరికీ కనబడేలా ఎత్తిపట్టి, "ఎవరు పెట్టిన్రమ్మా ఇది? నూనె వద్దు, కాటుక వద్దు, పౌడర్ వద్దు, నీట్‌గ తీసుకరండని నిన్న ఫోన్‌ల సుత చెప్పిన కదా!" అన్నప్పుడు అందరి కళ్లూ తన మీదికే ఎందుకు తిరిగాయి? కొడుకు యుగంధర్ అయితే "అమ్మా..." అని సాగదీసి ఊరుకున్నాడు. ఆ సాగదీతలోనే తీర్పు చెప్పేశాడు. "నేను పెట్టలేర నాయ్నా" అంది కమలాబాయి. ఎవరు నమ్ముతారు? కాటుక డబ్బా అంటే కమలాబాయి, దిష్టి తీయడం అంటే కమలాబాయి. కోడలు సుకన్య మాత్రం తలెత్తలేదు. నేల మీది టైల్స్‌ని జన్మలో మొదటిసారి చూస్తున్నదానిలా చూస్తూ నిలబడింది. ఆ తలెత్తకపోవడాన్నే కమలాబాయి పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

ఇంట్లో ఉన్నది ముగ్గురు పెద్దవాళ్లు. యుగంధర్‌కి కాటుక డబ్బా ఏ గూట్లో ఉంటుందో చూపిస్తే తప్ప తెలియదు. తాను పెట్టలేదు. ఇంక మిగిలింది ఎవరట? పెట్టింది సరే, పెట్టానని ఒక్క మాట అనొచ్చు కదా, సిస్టర్ ఏమైనా కొరుక్కు తింటుందా? అనలేదంటే అర్థమేమిటి, అత్త మీద పడాలనే కదా. పిల్లవాడి ఒంటి మీద చెయ్యి వేయనివ్వకుండా చేసింది చాలదని, ఆసుపత్రివాళ్ల ముందు కూడా మా అత్తమ్మ ఇట్లాంటి మనిషి అని ఎత్తి చూపించడానికి. యుగంధర్ కింద మందుల దుకాణానికి వెళ్లాడు. స్టీలు కుర్చీల వరసలో ఇద్దరాడవాళ్లూ కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ, ఆ కుర్చీలో పిల్లవాడి సంచి. ఆ సంచి అక్కడ పెట్టింది కూడా సుకన్యే. పక్కన కూర్చోవడం ఇష్టం లేకనే పెట్టిందని కమలాబాయి అభిప్రాయం. వేణు చెప్పులు మాత్రం కమలాబాయి చేతిలో ఉన్నాయి. అడుగేస్తే కీచుమనే చెప్పులు. సిస్టర్ విప్పి ఎవరికో ఇవ్వబోతే తానే లాక్కున్నట్టు అందుకుంది. వేలు తెలియకుండానే ఒత్తుకుంది కాబోలు, ఒక చెప్పు కీచుమంది. సుకన్య ఉలిక్కిపడి తలుపు వంక చూసి, తర్వాత అత్త చేతి వంక చూసింది. చెయ్యి వంక కాదు, బొటనవేలి వంక. కమలాబాయి బొటనవేలిని గబుక్కున కొంగు కింద దాచేసుకుంది.

ఆమె భర్త సోమయ్య ఉన్నన్నాళ్లూ, "నువ్వుండాల్సింది ఇంట్ల కాదే, ఠాణాల" అనేవాడు. మోండా మార్కెట్‌లో గడియారాలు బాగుచేసే మనిషి, నింపాదిగా ఉండేవాడు. కూరగాయల తూకం రాయిని తిరగేసి చూస్తుందని, పెళ్లి భోజనాల్లో నెయ్యి వాసన చూసి గాని వేయించుకోదని నవ్వేవాడు. నవ్వనీ. ఈ ఆసుపత్రిలో మాత్రం ఎవర్ని నమ్మాలి? ఎదురుగా కంటికి తెల్లగుడ్డ కట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు, ఆయన కళ్లలో బాగైంది ఏదో, పాడైంది ఏదో. బయట వాన పడుతోంది. కొడుకుతో ఉంటున్న మారేడ్‌పల్లి ఫ్లాట్‌లో బాల్కనీ తలుపు మూశారో లేదో. డాక్టర్ శ్రీలలిత మంచిదేనట, చిన్నపిల్లల కళ్లకు పేరున్న మనిషట, యుగంధర్ ఫోన్లో అన్నీ చూసే చెప్పాడు. "ఇది పుట్టుకతో వచ్చే గడ్డనే అమ్మా, మంచిదే, క్యాన్సర్ గిట్ల కాదు. స్కానింగ్‌ల లోపలికి పోలేదు, ఎముక మీదనే ఉన్నది" అన్నాడు. మీదనే ఉందని ఎవరు చూసొచ్చారు? బన్సీలాల్‌పేటకు కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి అక్కడి పాత బావి అంటే చెత్తకుప్పే అనుకుంది కమలాబాయి. అందరూ అందులోనే పోసేవాళ్లు, తానూ పోసింది. తర్వాత ఎవరో వచ్చి తవ్వడం షురూ చేస్తే లారీల మీద లారీలు చెత్త పోయింది, నెలల తరబడి పోయింది, అడుగున మెట్లు, మెట్ల కింద మళ్లీ మెట్లు, వాటి కింద నీళ్లు. ఇంటి పక్కన ఉన్న బావి లోతే అన్నేళ్లు తెలియనప్పుడు, పిల్లవాడి కనుబొమ్మ కింద ఎంత లోతు ఉందో నల్లటి ఫిల్ము చూసి చెప్పేస్తారా? లోపలికి పోతే, ఆ ఎముక వెనక ఏముంటుంది, మెదడే కదా ఉండేది. ఆమె అడగలేదు. అడిగితే, ఎందుకమ్మా నీకింత భయం అంటారు. ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

బన్సీలాల్‌పేటలో ఆమె కాళ్ల మీద పడుకోకుండా పెరిగిన పిల్లలు తక్కువ. ఏ ఇంట్లో పురుడొచ్చినా నీళ్లు పోయడానికి కమలక్కనే పిలవాలి. చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి జరుపుకుని, కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పసికందుని వెల్లకిలా వేసుకుంటే ఇంక ఆ ఇంటి అమ్మమ్మలు, నాయనమ్మలు నోరెత్తేవాళ్లు కాదు. గోరువెచ్చని నూనె, శనగపిండి నలుగు, ముక్కు దూలం రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా తీయడం, తల గుండ్రంగా రావాలని అరచేతులతో అదమడం, నుదుటి నడుమ నుంచి రెండు బొటనవేళ్లూ పక్కలకు జరుపుతూ ఒత్తడం, చివర్న సాంబ్రాణి పొగ. కాన్పులో తల మీద లేచిన బొప్పులు ఎన్నింటిని ఆమె చేతులు తగ్గించలేదు? అవి వాటంతటవే తగ్గుతాయని ఎవరైనా అంటే కమలాబాయి ఊరుకునేది కాదు. అట్లాంటి చేతుల్లోకి సొంత మనవడు వచ్చాడు. పురుడు నాడు మొదటిసారి కాళ్ల మీద వేసుకుంది, సోమయ్య పోలిక అనుకుంది, కళ్లు తుడుచుకుంది, నుదుటి మీద వేళ్లు జరిపింది. కుడి బొటనవేలు కనుబొమ్మ చివర ఆగిపోయింది. చర్మం కింద ఏదో గింజ. పైకి కనిపించదు, వేలికే తెలుస్తుంది. జరిపితే కొద్దిగా జరిగి మళ్లీ తన చోటికే వచ్చి కూర్చుంటుంది. పిల్లవాడికి నొప్పి కూడా లేదు, ఆమె మొహంలోకి చూస్తూ పెదాలు చప్పరించాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పచ్చి బాలింత, చూస్తే బెంగపెట్టుకుంటుంది, బెంగపెట్టుకుంటే పాలు తగ్గుతాయి, కొన్నాళ్లు ఒత్తితే అణిగిపోతుంది, అణిగాక నవ్వుతూ చెప్పుకోవచ్చు అనుకుంది. ఇది పైకి చెప్పుకునే కారణం. లోపలిది వేరే ఉంది: ఊళ్లో పిల్లలందరినీ చక్కగా తీర్చిన కమలక్క ఇంట్లోనే పిల్లవాడికి గడ్డ అన్న మాట తన చెవిన పడకూడదు. అందుకని బుగ్గ మీద పెట్టాల్సిన దిష్టిచుక్క ఆ రోజు నుంచి కనుబొమ్మ చివరికి ఎక్కింది. చుట్టాలు చూసి, చుక్క అక్కడెందుకమ్మా అంటే, మా వైపు అట్లానే పెడతాం అంది. ఏ వైపో! రోజూ నీళ్లు పోసేటప్పుడు ఒత్తేది. ముందు మెత్తగా, తర్వాత కొంచెం గట్టిగా, తర్వాత ఇంకొంచెం. తగ్గిందా అని రోజూ అనిపించేది. తగ్గలేదు. నెలలు గడిచేకొద్దీ గింజ కాస్తా బలిసింది. తన వేలే దాన్ని బలిపిస్తోందా అన్న అనుమానం ఒకనాడు సాంబ్రాణి పొగలో కూర్చుని ఉండగా మొదటిసారి వచ్చింది. కమలాబాయికి అనుమానాలు కొత్త కాదు గాని, తన మీద తనకు అనుమానం రావడం అదే మొదలు. దాన్ని ఎట్లా మోయాలో తెలియలేదు. ఇంకెవరి మీదనైనా దించాలి.

దించడానికి సుకన్య ఉండనే ఉంది. ఆ గ్రహణం రోజు సంగతి మరిచిపోతుందా? దీపావళి మర్నాడు సాయంత్రం పూట సూర్యగ్రహణం పట్టింది. సుకన్య అప్పుడు కడుపుతో ఉంది. కర్టెన్లు వేసి, గది లోపల పడుకోమని, కత్తి ముట్టుకోవద్దని, ఏమీ తినొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇంకా ఇవన్నీ నమ్ముతరా అత్తమ్మా?" అని నవ్వేసి, కాసేపటికి బాల్కనీలో నిలబడి సీతాఫలం చీల్చుకుని తింటోంది ఆ పిల్ల. బ్యాంకులో ఉద్యోగం, ఎవరి మాట లెక్క? తిన్నంతసేపూ గింజలు పిట్టగోడ మీద పెట్టింది. నల్లగా, నున్నగా, వరసగా గింజలు. గ్రహణం విడిచాక కమలాబాయి వెళ్లి వాటిని చేత్తో ఊడ్చి పారేసింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం తన పెద్దరికం అనుకుంది అప్పుడు. పురుడు నాడు బొటనవేలి కింద ఆ గింజ తగిలినప్పుడు పిట్టగోడే గుర్తొచ్చింది. అంతే ఉంటుంది, సీతాఫలం గింజలో సగం, అంతే నున్నగా. ఇంకేం కావాలి రుజువు? అయినా అనలేదు. మనసులో మాత్రం రోజూ అంటూనే ఉంది. అన్నం వడ్డిస్తూ అంది, పాలసీసా కడుగుతూ అంది. గట్టిగా ఒత్తిన రోజున మరీ ఎక్కువసార్లు అంది.

ఆ మాట ఏదో విధంగా కోడలికి వినపడి ఉంటుంది. లేకపోతే ఆఫీసుకు మళ్లీ వెళ్లే ముందు వారం హఠాత్తుగా "రేపటి నుంచి బాబుకి నేనే నీళ్లు పోస్త అత్తమ్మా, మీకు మోకాళ్లు నొప్పులు గద" అని ఎందుకంటుంది? మోకాళ్ల మీద అంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టింది? పోస్తే పోసింది, బాత్రూమ్ తలుపు లోపల గడియ ఎందుకు? కమలాబాయి తువ్వాలు పట్టుకుని బయట నిలబడేది. లోపల నీళ్ల చప్పుడు వినిపించేది, తర్వాత ఆగిపోయేది. చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఒకోసారి పిల్లవాడు కుయ్యిమనేవాడు. మళ్లీ నీళ్లు. ఏం చేస్తోంది లోపల? ఫోన్ చూసుకుంటోందా? పిల్లవాడిని తడిగా వదిలేసిందా? తలుపు తెరిచేసరికి వేణు పౌడరు వాసనతో బయటికొచ్చేవాడు, ఎడమ కనుబొమ్మ చివర కాటుక చుక్కతో. పురిటి రోజుల్లో "కాటుక కండ్లల్ల పడితే ఇన్‌ఫెక్షన్ అయితది అత్తమ్మా" అని మొత్తుకున్న మనిషి, తన చేత్తో తానే కాటుక పెడుతోంది. అదీ ఆ చోటే! ఇంతకన్నా ఎత్తిపొడుపు ఉంటుందా? నువ్వు దాచింది నాకు తెలుసులే అని రోజూ నల్లటి అక్షరంతో రాసి పంపుతోందన్నమాట. తెలిసీ నోటితో అనదు. అనేస్తే తాను ఏడ్చి, కాళ్లు పట్టుకుని, తేలికపడేది కదా. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఏడాది నిండాక గుట్ట మీది గుడికి తీసుకుపోయి పుట్టువెంట్రుకలు తీయించారు. కల్యాణకట్టలో మంగలి తల తడిపితే నీళ్లు కారి చుక్క చెదిరింది. అతను అరచేత్తో తుడిచాడు, వేలు ఆగింది. "ఏందమ్మా గిది, గింజ లెక్క తగుల్తుంది?" అన్నాడతను. "దోమ కుట్టింది" అంది కమలాబాయి. సరిగ్గా అదే క్షణాన అటుపక్క నుంచి సుకన్య కూడా "దోమ కుట్టింది" అంది. ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి, పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు కూడా. తాను ఎందుకు అబద్ధమాడిందో తనకు తెలుసు. ఆ పిల్ల ఎందుకాడింది? ఈ ప్రశ్నను ఎన్ని రాత్రులు తిప్పి తిప్పి చూసినా జవాబు చిక్కలేదు, చిక్కనివాటిని కమలాబాయి కుట్ర కిందే జమకడుతుంది. బోడిగుండు మీద ఇంక దాచేదేముంది, యుగంధర్ వంగి తడిమి చూశాడు. దోమ కాటుకు ఇంత ఉంటుందా అన్నాడు. అక్కడి నుంచి సంగతి ఆడవాళ్ల చేతులు దాటిపోయింది.

పోయిన వారం ఇక్కడికే తీసుకొచ్చారు. గదిలోకి తల్లిదండ్రులే రావాలన్నారు, కమలాబాయి సంచితో బయట కూర్చుంది. తలుపుకి సగం వరకు అద్దం ఉంది. మాటలు వినబడవు గాని మనుషులు కనబడతారు. యుగంధర్ పిల్లవాడిని ఆడిస్తూ కిటికీ దగ్గర ఉన్నాడు. సుకన్య డాక్టరు ముందుకు వంగి, రెండు బొటనవేళ్లూ తన నుదుటి నడుమ పెట్టుకుని పక్కలకు ఒత్తుతూ చూపించింది. ఎట్లా ఒత్తేదో, ఎంత గట్టిగా ఒత్తేదో అన్నీ చూపించింది. డాక్టరు తల అడ్డంగా ఊపుతూ ఏదో అంది. సుకన్య ఏడ్చింది. ఇంకేముంది, చెప్పేసింది! మా అత్తమ్మ చేతులే దీనికి కారణం అని డాక్టరు ముందు పెట్టేసింది. ఆ రోజు నుంచి కమలాబాయి కొడుకు మొహంలోకి సూటిగా చూడలేదు. పుట్టుకతోనే ఉంటదట అమ్మా అని వాడు చెప్పినప్పుడు, ఇది నా ముసలి మనసు నొప్పించకుండా కల్పించిన మాట అని తీర్మానించుకుంది. పాత వీధి నుంచి ఫోన్ వచ్చింది, మనవరాలు పుట్టింది, వచ్చి నీళ్లు పోయి అక్కా అని. మోకాళ్లు లేస్తలేవు బిడ్డా అని పెట్టేసింది. నిజానికి లేవనివి మోకాళ్లు కావు.

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. చక్రాల మంచం మీద ఎవరి పిల్లో, పెద్ద పిల్ల, కళ్లు మూసుకుని ఉంది. ఇద్దరూ ఒక్కసారే కూర్చున్నారు. ఆ పిల్లను తీసుకుపోయిన దారిలో మందు వాసన కాసేపు నిలిచింది. పిల్లవాడికి తెల్లవారుజాము నుంచి పాలు కూడా లేవు. లోపలికి తీసుకుపోతుంటే సిస్టర్ భుజం మీద నుంచి చేతులు చాపాడు. ఎవరి వైపు చాపాడు? నా వైపే అనుకుంది కమలాబాయి. కాదు, తల్లి వైపు. కాదు, నా వైపే. ఆ కన్ను వంకరపోతే? ఆ కనుబొమ్మ రేపు పైకి లేవకపోతే? పెద్దవాడై, నాకెందుకిట్లా అయిందని అడిగితే? బన్సీలాల్‌పేట ఇంటికి వెళ్లిపోయి, గడియ పెట్టుకుని, ఈ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఇంక ఏ పిల్లనీ ముట్టుకోదు. వాడికి ఏమీ కాకుంటే చాలు, ఈ సుకన్య నా మీద ఎన్ని చెప్పుకున్నా చెప్పుకోనీ. గ్రహణం సంగతి కూడా మరిచిపోతాను. మరిచిపోగలనా? ఏమో, ప్రయత్నం చేస్తాను. చెప్పు మళ్లీ కీచుమంది. ఈసారి సుకన్య తిరిగి చూడలేదు. కుడిచేతి పిడికిలి బిగించి, బొటనవేలిని లోపలికి మడిచేసి కూర్చుంది. పొద్దున్నుంచీ అట్లానే కూర్చుందని కమలాబాయి ఇప్పుడు గమనించింది. ఏం దాస్తోంది ఆ పిడికిట్లో?

"వేణుమాధవ్ వాళ్లెవరు?" డాక్టర్ శ్రీలలితే బయటికొచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. "అంతా బాగా జరిగింది. బాబు లేస్తున్నాడు. కన్నుకి ఏం ఇబ్బంది లేదు, కుట్టు కూడా కనుబొమ్మ వెంట్రుకల్లో కలిసిపోతుంది" అంది. చేతిలో చిన్న సీసా ఉంది. మామూలుగా పరీక్షకు పంపుతాం, భయపడేది కాదు, అని చూపించింది. కమలాబాయి కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. నల్లగా ఉంటుందనుకుంది. నలుపు లేదు. లేత పసుపు రంగులో, నానిన శనగగింజంత ఉంది. "కడుపులో బిడ్డకి ముఖం తయారయ్యేటప్పుడు, ఎముకలు కలిసే చోట పై చర్మం కొంచెం లోపల చిక్కుకుపోతుందమ్మా. చర్మమే కదా, లోపలున్నా దాని పని అది చేసుకుంటుంది. వెంట్రుకలు మొలుస్తాయి, జిడ్డు ఊరుతుంది. అందుకే మెల్లగా పెరుగుతుంది. ఎవరూ చేసింది కాదు" అంది డాక్టరు. ఎవరూ చేసింది కాదు అన్న మాట మంచి మాటే. కాని మంచి మాటను నమ్మడం కమలాబాయికి చేతకాదు. నోరు మూసుకుంటే ఇక్కడితో అయిపోతుంది. ఎవరికీ తెలియదు. అది తెలిసే అడిగింది.

"ఒత్తితే పెరుగుతదా అమ్మా?"

"ఎవరు ఒత్తారు?"

"నేనే. నీళ్లు పోసినప్పుడల్ల ఒత్తిన. కరిగిపోతదనుకున్న. గట్టిగనే ఒత్తిన."

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "ఒత్తితే పెరగదు, కరగదు. కాని ఒత్తకూడదమ్మా. లోపల పగిలి ఉంటే కన్నంతా వాచిపోయేది. మీ అదృష్టం, పొర చెదరకుండా మొత్తం వచ్చేసింది" అంది. వెళ్లబోతూ సుకన్య వైపు తిరిగి, "పోయిన వారం మీరడిగిందీ ఇదే కదా? మళ్లీ మళ్లీ అదే అడిగారు. మీవి కూడా గట్టి చేతులే అనుకున్నా" అని చిన్నగా నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

మీవి కూడా. కమలాబాయి ఆ రెండు మాటల దగ్గరే నిలబడిపోయింది. సుకన్య కుర్చీలో కూలబడి, మధ్యలో ఉన్న సంచిని తీసి కింద పెట్టింది. "నేను గూడ ఒత్తిన అత్తమ్మా" అంది. "గడియ పెట్టుకొని రోజు ఒత్తిన. ఒకనాడు పాలిస్తుంటే నా వేలికి తగిలింది. గ్రహణం నాడు సీతాఫలం తిన్న గద, దానివల్లనే అనుకున్న. పైకి నవ్విన గని... ఆ గింజలు మీరు ఊడుస్తుంటె కిటికీలకెల్లి చూసిన. ఒక్క మాట అనలేదు మీరు. అన్నా బాగుండు. ఇది మీ కంట పడితే ఏమైతదో అని నీళ్లు నేనే పోస్త అన్న. మీరు ఎప్పుడు చుక్క పెట్టే జాగల్నే నేను గూడ పెట్టిన, మీకు అనుమానం రావద్దని."

"పొద్దున?"

"అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే పోయింది. సిస్టర్ అడిగితే నోరు లేవలే. అందరు మిమ్మల్ని చూస్తుంటె ఇంక అస్సలు లేవలే. మాఫ్ చెయ్యండి అత్తమ్మా."

కమలాబాయికి ముందుగా కోపమే వచ్చింది. పొద్దున్నుంచి మోసిన నింద ఇంకా భుజం మీద ఉంది మరి. ఆ కోపం వెనకాలే సిగ్గు వచ్చింది. ఆ వెనక నవ్వులాంటిది వచ్చింది. పాలవాడి దగ్గర్నుంచి దేవుడి దాకా ఎవర్నీ వదలని తన అనుమానానికి ఈ ఒక్కటి ఎట్లా తట్టకుండా పోయింది? ఒకే చుక్క, ఒకే చోట, ఇద్దరూ పెట్టారు, ఒకరికొకరు కనబడకుండా. ఒకే గింజను రెండు బొటనవేళ్లు ఒత్తాయి, పాపం ఆ పసివాడు ఇద్దరి మొహాల్లోకీ చూస్తూ పడుకున్నాడు. పగిలి ఉంటే ఎవరి వేలి కింద పగిలేదో! చెయ్యి చాపి సుకన్య పిడికిలి పట్టుకుంది. సుకన్య బిగించింది. కమలాబాయి ఒక్కో వేలూ విప్పింది, నీళ్లు పోసే చెయ్యి కదా, విప్పడం తెలుసు. బొటనవేలి గోటి అంచున సన్నగా నల్లటి గీత. కాటుక. సంచిలోంచి వేణు నీళ్ల సీసా తీసి, కొంగు చివర తడిపి, ఆ గోటి సందులో తిప్పి తిప్పి తుడిచింది. కాటుక అంత తొందరగా పోదు. ఇంటి కాటుక, తాను ఆముదం దీపం మీద పట్టిందే. లిఫ్టు తలుపు చప్పుడైంది. యుగంధర్ ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో చాయ్ కప్పులతో వస్తున్నాడు. కమలాబాయి నల్లబడిన కొంగు చివరను లోపలికి మడిచి నడుముకు దోపేసుకుంది.

"ఏమైందమ్మా, ఇద్దరేడుస్తున్నరు?" అన్నాడు వాడు, కప్పులు ఒలుకుతుంటే.

"ఏంగాలేర. మంచిగైంది. డాక్టరమ్మ వచ్చి చెప్పి పోయింది."

అప్పుడే ప్రిసిల్లా సిస్టర్ తలుపు సగం తెరిచి తల బయటపెట్టింది. "బాబు లేచిండు. తల్లి ఒక్కరే రండి. ఇగో, ఇప్పుడే చెప్తున్న, కుట్లు తీసేదాక ఆ చోట కాటుక గీటుక ఏం పెట్టొద్దు. పొద్దున పెట్టింది ఎవరో ఇప్పుడన్న చెప్పండి, వాళ్లకే గట్టిగ చెప్త."

సుకన్య నోరు తెరిచింది. కమలాబాయి ఆమె మణికట్టు ఒత్తిపట్టింది. "నేనే పెట్టిన సిస్టరమ్మా" అంది. "ముసలిదాన్ని, చెయ్యి ఊకోదు. ఇంక పెట్ట."

"నాకు తెల్సమ్మా, నువ్వే అని" అన్నాడు యుగంధర్. కొడుకుల తెలివి అంతవరకే ఉంటుంది. కమలాబాయి కోడలి వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. "పో, ఇంక నిలబడ్డవేంది? పిల్లగాడు నిన్నే చూస్తుంటడు." సుకన్య రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, అత్త చేతిలోంచి కీచుమనే చెప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపలెక్కడో చెప్పు ఒకసారి కీచుమంది. వెంటనే బొంగురుపోయిన పసిగొంతు ఒకటి, మత్తు ఇంకా విడవని గొంతు, గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. అది వేణు గొంతే. ఇందులో కమలాబాయికి ఏ అనుమానమూ లేదు.